ఏథెన్సు పల్లెలు, ఏథెన్సు ప్రభుత్వము



నేటి సాయంకాలము నేను గ్రీసు దేశమునందలి ఏథెన్సు నగరమును గూర్చి చెప్పదలచితిని. ఆ రాజ్యము ఎట్లు పుట్టినది, అందలి ప్రజలు తమ్ము తాము ఎట్లు పాలించుకొనిరి అనునదే విషయము. రెండువేల యైదువందల యేండ్లనాటి మాట. మనకు మిక్కిలి దూరమైన చోటు. దీనితో మాకేమి పని యని మీలో నొకరైనను అనుకొనకపోరు. అట్టివారికొఱకు మొదట నొక లెక్కల పుస్తకము సంగతి చెప్పెదను.

క్రీ. శ. 78, 79 సంవత్సరములలో ఈజిప్టు దేశమున ఎపిమాకసు అను నొక భూస్వామి యుండెను. ఆయన సేద్యమును చూచుకొను గుమాస్తా పేరు డిడిమసు. వచ్చిన దెంత, పోయిన దెంత, ఏ పనికి ఎంత కూలి యిచ్చినది అని యాతడు దినదినమును జమాఖర్చు వ్రాసి పెట్టెను. ఆ కాలపు కాగితము పపైరసు అను జమ్ముజాతి మొక్కతో చేసినది. అది ఊరక దొరకు వస్తువు గాదు. కొంతకాలమునకు ఆ లెక్కలతో పని తీఱినది, వెనుకప్రక్క ఖాళీగా నున్నది. ఎవరో ఆ వెనుకప్రక్కను "ఏథెన్సు రాజ్యాంగము" అను గ్రంథమునకు ప్రతి వ్రాయించుకొనిరి. ఆ గ్రంథము అరిస్టాటిలు అను మహాపండితుని పేర చెల్లుచున్నది. ఆయన శిష్యులలో నొకరు వ్రాసియుందురని కొందఱి మతము. అనేక శతాబ్దములు అది లోకమునకు లేకుండ పోయి, 1891లో లండనునందు అచ్చుపడినది. ఆ కాగితపు చుట్టలు నేడు అచ్చటి బ్రిటిషు లైబ్రరీలో నున్నవి. నేను చెప్పబోవు సంగతులలో చాల భాగము ఆ సేద్యపు లెక్కల వీపున దొరకినదే. పాత చిట్టాలను పొయ్యిలో వేయబోవువారు ఈ మాట నొకమాఱు తలచుకొనుట మంచిది.

నేను గ్రీకు భాష చదివినవాడను గాను. ఇంగ్లీషు అనువాదముల మూలముననే ఈ గ్రంథములను ఎఱుగుదును. ఆ సంగతి ముందుగనే మనవి చేసికొనుచున్నాను.

ఏథెన్సు అనగా ఒక పట్టణము మాత్రమే కాదు. ఆ పట్టణమును, దాని చుట్టునున్న ఆటికా అను సీమయు కలిసి యొక రాజ్యము. విస్తీర్ణము సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మూడు ప్రక్కల కొండలు. కొండల నడుమ చిన్న మైదానములు. తక్కిన యంతయు సముద్రతీరము. మన్ను పలుచన, వాన తక్కువ. బార్లీ పండును, గోధుమ చాలదు. ఒలీవ చెట్లు, ద్రాక్షతోటలు, అత్తిచెట్లు బాగుగ పెరుగును. హైమెట్టసు కొండమీది తేనెయు, పెంటెలికను కొండలోని పాలరాయియు పేరెన్నికగన్నవి. మైదానము నడుమ నిట్రముగ లేచిన యొక పెద్ద బండ గలదు. దానికి అక్రొపొలిసు అని పేరు. ఎత్తైన ఊరు అని యర్థము. దాని చుట్టు పట్టణము పెరిగినది.

ఈ సీమలో మొదట ఎవరి యూరు వారిదే. ఊరూర నొక సభ, ఊరూర పెద్దలు. ఆపద వచ్చినప్పుడే రాజునొద్దకు పోయెడివారు. ఒకప్పుడు రాజుతోనే పోరాడిరి కూడను. థీసియసు అను రాజు ఆ సభల నన్నిటిని ఎత్తివేసి, ఏథెన్సునందు ఒకే సభ నేర్పఱచెననియు, జనులు మాత్రము తమ తమ యూళ్లలోనే పూర్వమువలె కాపురములుండిరనియు థ్యూసిడైడీసు అను చరిత్రకారుడు వ్రాసెను. దానికి గుఱుతుగ ఏటేట నొక పండుగ జరుపుకొనెడివారు. థీసియసు నిజముగ నుండెనని నేను పూచీపడను. ఎద్దుతలగల రాక్షసుని చంపినవాడని వారి పురాణములు చెప్పు వీరుడాయన. కాని ఊళ్లు ఒకటి యగుట నిజము. అది యొక్క రాజు ఒక్కదినమున చేసిన పని గాక, కొన్ని తరములలో జరిగినదని నేటి పండితుల యభిప్రాయము. ఈ కథలో నాకు నచ్చిన భాగ మొకటి గలదు: ఊరు విడిచి రమ్మని ఎవ్వరిని అనలేదు. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలెను. చివర దీనితో పని పడును.

రాజుల యధికారము క్రమక్రమముగ తఱిగి, క్రీ. పూ. 7వ శతాబ్దమునాటికి తొమ్మండుగురు అధికారులు ఏటేట మాఱుచు పాలించుచుండిరి. వారికి ఆర్కనులని పేరు. వారు గొప్ప కుటుంబములనుండియే వచ్చెడివారు. పదవి దిగినపిమ్మట వారే అరియోపాగసు అను పెద్దల సభలో జీవితాంతము కూర్చుండువారు. చట్టము వ్రాతలో లేదు. గొప్పవారి నోటిలో నుండెను. క్రీ. పూ. 621 ప్రాంతమున డ్రాకో అను నాతడు మొదటిసారి చట్టములను వ్రాసి ప్రకటించెను. చిల్లర దొంగతనమునకును మరణదండనయే యని ఆ చట్టములకు అపకీర్తి వచ్చినది. అయినను వ్రాసినది వ్రాసినదే. చదువుకొన్నవాడు చదివి అడుగవచ్చును.

చట్టము వ్రాసినంతమాత్రమున పేదవాని కడుపు నిండదు. అసలు బాధ అప్పులయందుండెను. భూమి కొద్దిమంది చేతులలో చిక్కినది. దానిని దున్నువారికి "ఆఱవ పాలువారు" అని పేరు. పంటలో ఆఱింట నొకపాలు దొరకు చెల్లించువారని కొందఱు, ఆఱింట నొకపాలు మాత్రమే తమకు మిగుల్చుకొనువారని కొందఱు చెప్పుదురు. రెండవదే నిజమైనచో వారు ఎట్లు బ్రదికిరో నాకు తోచదు. సేద్యము తెలిసినవారు మీరే చెప్పవలెను. పాలు చెల్లింపలేనివానిని, వాని బిడ్డలను పట్టుకొని పోవచ్చును. అప్పునకు తాకట్టు వారి దేహములే. తాకట్టుబడిన పొలములో రాళ్లు పాతెడివారు. తీర్పలేనివారు సొంత సీమలోనే బానిసలైరి. కొందఱిని పరదేశములకు అమ్మివేసిరి. పేదలకును పెద్దలకును నడుమ కలహము ముదిరి, ఊరక విడిచినచో రక్తము చిందునను స్థితి వచ్చినది.

అప్పుడు క్రీ. పూ. 594లో ఉభయపక్షములవారును కలిసి సోలను అను నాతనిని ఆర్కనుగను, మధ్యవర్తిగను ఎన్నుకొనిరి. ఆయన కులమున గొప్పవాడు, సంపదలో మధ్యస్థుడు, వర్తకముపై దేశములు తిరిగినవాడు, కవి. ధనవంతుడు గనుక తమవాడని ధనవంతులును, ధర్మాత్ముడు గనుక తమవాడని పేదలును తలంచిరి. మధ్యవర్తిగా కూర్చున్న యనుభవము మీలో పలువురకు గలదు. ఆ యాసనము ఎంత వేడిగ నుండునో నేను చెప్పనక్కఱలేదు.

సోలను చేసిన మొదటి పని ఉన్న యప్పులను కొట్టివేయుట. పొలములలోని తాకట్టురాళ్లు పెఱికివేయబడెను. బానిసలైనవారు విడుదలయైరి. పరదేశములలో అమ్ముడుపోయి, ఏండ్లతరబడి తిరిగి, సొంత భాషను కూడ మఱచినవారిని వెనుకకు తెప్పించితినని ఆయనయే తన పద్యములలో చెప్పుకొనెను. ఇకమీదట మనుష్యుని దేహమును తాకట్టు పెట్టుకొని అప్పియ్యరాదని శాసించెను. ఈ పనికి వారి భాషలో "బరువు దులుపుట" అను నర్థమిచ్చు పేరు గలదు.

ఇందులోను ఒక మచ్చ పడినది. అప్పులు కొట్టివేయబోవుదునని సోలను తన మిత్రులతో ముందుగ ననెనట. వారు వెంటనే పెద్ద మొత్తములు అప్పుతెచ్చి భూములు కొనిరి. తరువాత చట్టము వచ్చినది, అప్పు పోయినది, భూమి మిగిలినది. సోలనుకును ఇందు పాలు గలదని లోకులు గుసగుసలాడిరి. కాని ఆయన కితరులనుండి రావలసిన సొమ్మును ఆయనయే ముందుగ వదలుకొనెననియు, అది ఐదు టాలెంట్లనియు ప్లూటార్కు అను గ్రంథకర్త వ్రాసెను. టాలెంటన్నది సుమారు 26 కిలోల వెండి. నేను సోలను పక్షమే. మంచివాని చుట్టు ఎవరు చేరుదురో ఆ మంచివాని చేతిలో నుండదు. అయినను, నోరు కట్టుకొనకపోవుట ఆయన తప్పే.

భూములను పంచిపెట్టుమని పేదలు కోరిరి. సోలను పంచలేదు. అప్పులు పోయినందుకు ధనవంతులును, భూమి రానందుకు పేదలును ఆయనపై కినిసిరి. తరువాత ఆయన ప్రజలను పంటనుబట్టి నాలుగు తరగతులు చేసెను. ఏటికి 500 కొలతల పంట గలవారు మొదటి తరగతి. 300 గలవారు రెండవది. 200 గలవారు మూడవది. అంతకు తక్కువవారు, కూలివారు నాలుగవది. కొలత యనగా సుమారు 52 లీటర్లు. పెద్ద పదవులు పై తరగతులవారికే. నాలుగవ తరగతికి పదవి లేదు గాని, మహాసభలో కూర్చుండు హక్కును, న్యాయస్థానమున కూర్చుండు హక్కును వచ్చినవి. ఇంతకు పూర్వము పదవికి పుట్టుక కావలెను. ఇప్పుడు పంట చాలును. ఇది చిన్న మార్పు గాదు. అధికారి తీర్పుపై ప్రజల న్యాయస్థానమునకు పోవుటకును, అన్యాయము పొందినవాని పక్షమున మఱియొకడు వ్యాజ్యము తెచ్చుటకును వీలు కలిగెను.

సోలను చట్టములలో మీకు నచ్చునవి మఱికొన్ని గలవు. పొరుగువాని గట్టునకు ఐదడుగుల దూరమున చెట్టు నాటవలెను. అత్తి, ఒలీవ చెట్లకు వేళ్లు దూరము పోవును గనుక తొమ్మిదడుగులు విడువవలెను. గొయ్యి త్రవ్వువాడు దాని లోతెంతయో అంత దూరము పొరుగువాని హద్దునకు ఎడముండవలెను. దగ్గఱలో ఊరుమ్మడి బావియున్నవారు దానినే వాడుకొనవలెను. దూరమైనవారు తమ బావి తాము త్రవ్వుకొనవలెను. పది బారల లోతు త్రవ్వియు నీరు పడనిచో, పొరుగువాని బావినుండి దినమునకు రెండుసారులు ఒక కడవ చొప్పున తెచ్చుకొనవచ్చును. అక్కఱలో నున్నవానికి నీరియ్యవలెను గాని, సోమరిని పోషింపనక్కఱలేదని ఆయన తలంపట. కొడుకునకు ఏ వృత్తియు నేర్పని తండ్రి, ముసలితనమున ఆ కొడుకు తిండిపెట్టలేదని వ్యాజ్యము తేరాదు. ఇట్టి చట్టములు వ్రాసి, వచ్చి పోవువారందఱు అది మార్చుము ఇది మార్చుమని వేధించుచుండగా విసిగి, పదేండ్లు రానని చెప్పి సోలను దేశాంతరము పోయెను.

ఆయన యుండగనే పిసిస్ట్రాటసు అను నొక ప్రభువర్గపువాడు రాజ్యమును ఆక్రమించెను. తన దేహమును తానే గాయపఱచుకొని, శత్రువులు కొట్టిరని చెప్పి, రక్షణకు దుడ్డుకఱ్ఱలవారిని సంపాదించి, వారితో అక్రొపొలిసును పట్టుకొనెను. రెండుమాఱులు తఱుమబడియు మరల వచ్చి, క్రీ. పూ. 546 ప్రాంతమునుండి 527 వఱకు గట్టిగ పాలించెను. నియంతయే గాని పల్లెవారికి మేలు చేసినవాడు. పేదరైతులకు పెట్టుబడికి అప్పులిచ్చెను. న్యాయాధిపతులను ఊళ్లమీదికి పంపెను. రైతులు పట్టణమునకు రాకుండుటయు, తీరిక లేకుండుటయు ఆయనకు లాభమే యనుకొనుడు. ఒకనాడు హైమెట్టసు కొండచఱియపై ఒక ముసలివాడు రాళ్లనేల త్రవ్వుచుండగా చూచి, ఈ నేల ఏమి పండునని యడిగించెనట. నొప్పులును తీపులును పండును, అందులో పదియవ పాలు పిసిస్ట్రాటసునకు చెందవలెనని ఆ ముసలివాడు, ఎదుట నున్నవాడెవడో తెలియక, బదులు చెప్పెను. పిసిస్ట్రాటసు నవ్వి వానికి పన్ను మాన్పెను. ఆయన కుమారుడు హిప్పియసు మాత్రము అట్టివాడు గాడు. క్రీ. పూ. 510లో స్పార్టా రాజు సహాయమున వానిని వెడలగొట్టిరి.

ఇప్పుడు క్లీస్తనీసు వచ్చును. నా దృష్టిలో ఏథెన్సు ప్రభుత్వమును కట్టినవాడీయనయే. సోలను పునాది త్రవ్వెను. నియంతలు పోయినపిమ్మట గొప్పకుటుంబములు మరల కక్షలు కట్టినవి. ఒక కక్షిదారు స్పార్టా రాజును సేనతో పిలిపింపగా, ప్రజలు లేచి ఆ రాజును అక్రొపొలిసుపై రెండుదినములు ముట్టడించిరి. మూడవదినమున ఆయన సంధి చేసికొని వెడలిపోయెను. దేశమునుండి వెడలియుండిన క్లీస్తనీసు తిరిగి వచ్చి, క్రీ. పూ. 508, 507లలో మొదలుపెట్టి, రాజ్యమును క్రొత్తగ కూర్చెను. అందుకాయన తీసికొన్న ఇటుకలు పల్లెలు.

ఆటికా సీమలోని పల్లెలు, పట్టణపు పేటలు కలిసి 139 ఊళ్లుగ లెక్కకు వచ్చినవి. పూర్వము వంశమునుబట్టి నాలుగు తెగలుండెను. క్లీస్తనీసు వానిని ప్రక్కకు నెట్టి పది క్రొత్త తెగల నేర్పఱచెను. ప్రతి తెగలోను పట్టణపు ఊళ్లు కొన్ని, తీరపు ఊళ్లు కొన్ని, లోపలి ఊళ్లు కొన్ని కలిపెను. కొండవాడు, పడవవాడు, బజారువాడు ఒకే తెగలో ఒకే వరుసన యుద్ధమునకు నిలువవలెను. పాత కక్షలు సీమనుబట్టి కట్టినవి గనుక, ఆ కట్టు దీనితో సడలినది. మనుష్యుని పేరు చెప్పునప్పుడు ఊరి పేరు చేర్చి చెప్పుట వాడుకయైనది.

ప్రతి యూరికి ఏటేట నొక పెద్ద. అతనికి డీమార్కు అని పేరు. ఊరి సభ యుండును; ఊరుమ్మడి భూములను కౌలునకిచ్చుట, గుడి సొమ్ము చూచుట, జాతరలు జరుపుట దాని పనులు. అన్నిటికంటె ముఖ్యమైనది ఊరి పట్టీ. పిల్లవాడు పదునెనిమిదేండ్లవాడైనప్పుడు తండ్రి వానిని ఊరి సభకు తేవలెను. వయస్సు నిండినదా, స్వతంత్రులకు సక్రమముగ పుట్టినవాడా యని ఊరివారు ప్రమాణము చేసి వోటు వేయుదురు. పట్టీలో పేరెక్కినచో పౌరుడు. ఎక్కనిచో ఏమియు గాడు. స్వతంత్రుడు గాడని ఊరు త్రోసివేసినవాడు నగర న్యాయస్థానమునకు పోవచ్చును. అచ్చటను ఓడినచో నగరము వానిని బానిసగా అమ్మును.

ఇంత యధికారము ఊరి చేతిలో నున్నచోట ఏమి జరుగునో చెప్పుట కొక వ్యాజ్యము చాలును. క్రీ. పూ. 346లో పట్టీలన్నిటిని మరల తనిఖీ చేయవలెనని యుత్తరువైనది. హాలిమసు అను ఊరిలో యూక్సిథియసు అనువాని పేరు వచ్చినది. సభను నడపినవాడు వానికి పగవాడు. సభ పట్టణములో పెట్టిరి. ఉపన్యాసములతో ప్రొద్దు గడపిరి. ఊరు దూరము గనుక చాలమంది చీకటి పడకముందే ఇండ్లకు పోయిరి. అప్పుడు వీని పేరు పిలిచిరి. మిగిలినవారు ముప్పదిమందికి మించలేదు. పెట్టెలో లెక్కింపగా అఱువదికి పైగా వోట్లు వచ్చినవి. వాని తల్లి బజారులో రిబ్బనులు అమ్మినదనియు, కూలికి పిల్లలకు పాలిచ్చినదనియు ఎత్తిపొడిచి, ఇట్టిది పౌరుని తల్లి యెట్లగునని వాదించిరి. పేదఱికము వేఱు, పరదేశి యగుట వేఱు అని యాతడు న్యాయస్థానమున చెప్పుకొనెను. ఆ ప్రసంగమును డెమాస్తనీసు అను మహావక్త వ్రాసియిచ్చెను. అది నేటికిని దొరకుచున్నది. ఒకే యూరిలో కూర్చున్నవారు ఒకరి తల్లిని గూర్చి యొకరు ఎట్లు మాటలాడుదురో తెలియగోరువారు దానిని చదువవలెను.

ఊళ్లనుండియే 500మంది గల సభ యేర్పడినది. ఊరి పెద్దతనమునుబట్టి సంఖ్య. అకర్నే అను పెద్ద యూరినుండి 22మంది, చిన్న యూళ్లనుండి ఒక్కొక్కరు. ముప్పదియేండ్లు నిండినవారిలో చీట్లు వేసి తీసెడివారు. ఒకడు జీవితములో రెండుసార్లకు మించి అందులో కూర్చుండరాదు. ఏడాదిని పది భాగములు చేసి, ఒక్కొక్క భాగమున ఒక తెగవారు ఏబదిమంది గుండ్రని యొక భవనములో భోజనము చేయుచు, నగరపు పనులు చూచుచుండువారు. వారిలో దినమున కొకడు చీటిమీద అధ్యక్షుడగును. ఖజానా యున్న గుళ్ల తాళపుచెవులు, పత్రముల గది తాళపుచెవులు, రాజముద్ర ఒక పగలు ఒక రాత్రి వాని చేతిలో నుండును, మఱునాడు మఱియొకనివి. జీవితములో ఒక్కమాఱే ఆ గౌరవము.

చీటివలన అయోగ్యుడు వచ్చినచో నేమి చేయుదురని అడుగవచ్చును. అధికారమున కెక్కకముందు వానిని నిలువబెట్టి ప్రశ్నించెడివారు. నీ తండ్రి యెవరు, ఏ యూరు? తల్లి యెవరు, ఆమె తండ్రి యెవరు? మీ వంశపు సమాధు లెచ్చట నున్నవి? తల్లిదండ్రులను సరిగ చూచుకొనుచున్నావా? పన్నులు కట్టుచున్నావా? యుద్ధమునకు పిలిచినప్పుడు పోయితివా? సాక్షులు వచ్చి చెప్పవలెను. పదవి దిగునప్పుడు లెక్క లప్పగింపవలెను; ఎవరైనను తప్పుపట్టవచ్చును. సేనానాయకులను మాత్రము చీటిమీద తీయలేదు. పదిమందిని ఏటేట ఎన్నుకొనిరి. యుద్ధము చీటికి లొంగదని వారికి తెలియును. పెరిక్లీసు పదునైదేండ్లు వరుసగ అట్లెన్నికైన నాయకుడు.

మహాసభ పినిక్సు అను కొండచఱియపై కూడెడిది. ఏ పౌరుడైనను పోవచ్చును. ఎవరు మాటలాడుదురని చాటరి కేకవేయగా లేచి మాటలాడవచ్చును. చేతు లెత్తి తీర్మానింతురు. బజారులో కబుర్లు చెప్పుకొనుచు రానివారిని ఎఱ్ఱరంగు పూసిన త్రాటితో తోలుకొని వచ్చెడివారట; రంగు తగిలినవాడు నలుగురిలో నవ్వులపాలు. న్యాయస్థానములకు ఏటేట 6,000మంది జూరీలు. ఒక్కొక్క వ్యాజ్యమునకు 201మంది, 501మంది కూర్చుండువారు. వాదములకు గడియారము నీటికుండ. సోక్రటీసు అను తత్త్వవేత్తకు క్రీ. పూ. 399లో మరణదండన విధించినది ఇట్టి జూరీయే. ముప్పదిమంది ఇటు మొగ్గియుండినచో తాను విడుదలయగువాడనని ఆయన యన్నట్లు ప్లేటో వ్రాసెను.

స్త్రీలకు ఈ సభలో చోటు లేదు. వెండిగనులలో, ఇండ్లలో, పొలములలో పనిచేసిన బానిసలకు లేదు. తరతరములుగ ఏథెన్సులో కాపురమున్నను పరదేశీయులకు లేదు. క్రీ. పూ. 4వ శతాబ్దము చివరను తీసిన లెక్కలో పౌరులు 21,000, పరదేశీయులు 10,000. క్రీ. పూ. 451లో పెరిక్లీసు ఇంకను బిగించి, తల్లియు తండ్రియు ఏథెన్సువారైననే బిడ్డ పౌరుడని చట్టము చేయించెను. పిమ్మట సక్రమ సంతానము మహామారిలో పోగా, పరదేశి స్త్రీకి పుట్టిన తన కొడుకును పౌరునిగ చేర్చుకొనుడని ఆయనయే ప్రజలను వేడుకొనవలసి వచ్చెను. వారు జాలిపడి చేర్చుకొనిరి. ఆ కుమారుడు సేనానాయకుడై క్రీ. పూ. 406లో నావికాయుద్ధమున గెలిచినవారిలో నొకడు. తుపానులో మునుగుచున్నవారిని కాపాడలేదని ఆ ప్రజలే వానితో కలిపి ఆఱుగురు నాయకులకు ఒకే తీర్మానమున మరణదండన వేసిరి.

నగరమునకు అపాయకరుడని తోచినవానిని పదేండ్లు వెడలగొట్టు పద్ధతి యొకటి యుండెను. కుండపెంకులపై పేరు గీసి వేయుదురు. 6,000 పెంకులు పడవలెను. ఆస్తి పోదు, నేరము మోపరు. మంచి కీర్తిగల అరిస్టైడీసును క్రీ. పూ. 482లో అట్లే పంపిరి. చదువురాని పల్లెవాడొకడు ఆయన నెఱుగక, అరిస్టైడీసు అని వ్రాసిపెట్టుమని పెంకు ఆయన చేతికే యిచ్చెననియు, ఆయన మాటలాడక వ్రాసి యిచ్చెననియు కథ. ఈ కథ యెట్లున్నను, అక్రొపొలిసు ఉత్తరపుటంచున నొక బావిలో థెమిస్టాక్లీసు పేరుగల 190 పెంకులు త్రవ్వకములలో దొరకినవి. వ్రాతను పరీక్షింపగా అవి పదునలుగురి చేతివ్రాతయే యని తేలినది. ఎవరో ముందుగ వ్రాసి, పంచుటకు సిద్ధము చేసియుండిరి.

ఇట్టి ప్రజలు తప్పుచేసి తప్పు దిద్దుకొన్న దొకటి చెప్పుదును. క్రీ. పూ. 427లో మిటిలీని అను ద్వీపపట్టణము వారిపై తిరుగబడి లొంగిపోయినది. అందలి పెద్దమగవారి నందఱిని చంపవలెననియు, స్త్రీలను పిల్లలను అమ్మవలెననియు మహాసభ కోపముతో తీర్మానించెను. ఆ యాజ్ఞతో ఓడ బయలుదేఱినది. రాత్రి గడచినది. మఱునాడు మనస్సు మాఱి మరల సభ కూడిరి. చేతు లించుమించు సమానముగ లేచినవి. కనికరమువైపు కొంచెము మొగ్గినది. రెండవ యోడను పంపిరి. మొదటిది ఒక పగలును రాత్రియు ముందున్నది. రెండవ యోడవారు తెడ్లు వేయుచునే ద్రాక్షసారాయమును నూనెయు కలిపిన బార్లీపిండి తినుచు, వంతులవారీగ నిద్రించుచు పోయిరి. మొదటివారు వెళ్లునది పాడు పని గనుక తొందరపడలేదు. అధికారి యాజ్ఞను చదువుకొని నెఱవేర్పబోవుచుండగా రెండవ యోడ రేవు చేరినది. ఊరు బ్రదికినది. తిరుగుబాటునకు ముఖ్యులని వేయిమందికి పైగా చంపిన మాటయు చెప్పక విడువరాదు.

మొదట జ్ఞాపకముంచుకొనుడన్న మాట యిప్పుడు. క్రీ. పూ. 431లో స్పార్టావారితో పెద్ద యుద్ధము వచ్చినది. వారి సేనను పొలములలో ఎదిరింపలేమని, పల్లెలవారందఱును పట్టణపు గోడలలోనికి రావలెనని పెరిక్లీసు చెప్పెను. అప్పటివఱకు ఏథెన్సు పౌరులలో ఎక్కువమంది పల్లెలలోనే నివసించుచుండిరి. గొఱ్ఱెలను, ఎద్దులను యూబియా ద్వీపమునకు పంపివేసి, ఇండ్ల తలుపులు దూలములు కూడ ఊడబీకికొని, ఆలుబిడ్డలతో వారు బయలుదేఱిరి. ప్రతివాడును తన కులదైవమును, తన సొంత నగరమునే విడిచిపోవుచున్నట్లు దుఃఖించెనని థ్యూసిడైడీసు వ్రాసెను. పట్టణములో చోటు లేదు. గుళ్లలో, గోడబురుజులలో, గుడిసెలలో తలదాచుకొనిరి. అకర్నే పొలములను శత్రువులు నఱకుచుండుటను గోడపైనుండి చూచిరి. మఱుసటియేడు ఇఱుకైన ఆ గుడిసెలలో మహామారి చొరబడినది. క్రీ. పూ. 429లో పెరిక్లీసును పోయెను.

యుద్ధము క్రీ. పూ. 404లో ఓటమితో ముగిసెను. గోడలు కూలగొట్టిరి. ముప్పదిమంది దుష్టుల పాలనలో 1,500మంది చంపబడిరి. మఱుసటియేడు ప్రజలు గెలిచి, పాత పగలను తలపెట్టమని ప్రమాణము చేసి, ప్రభుత్వమును నిలబెట్టుకొనిరి. అది మఱి ఎనుబది యేండ్లు నడచినది. క్రీ. పూ. 322లో మాసిడోను సేనాపతి ఆంటిపేటరు నగరమును లొంగదీసికొని, 2,000 డ్రాక్మాల యాస్తి లేనివారికి హక్కు లేదనెను. 12,000మందికి పైగా పట్టీలనుండి పోయిరి. వారిలో చాలమంది థ్రేసు దేశమున భూమి యిచ్చెదమనగా అచ్చటికి వలస పోయిరి.

అరిస్టాటిలును ఆ సంవత్సరమే మరణించెను. లెక్కల కాగితము వెనుకనున్న గ్రంథము దానికి కొద్దియేండ్లు ముందు వ్రాయబడినది. దాని చివరి భాగమంతయు న్యాయస్థానముల పనియే: జూరీలను చీట్లమీద తీయుట, వారి చేతికి కఱ్ఱయు బిళ్లయు ఇచ్చుట, కంచు వోటుబిళ్లలను జాడీలలో వేయుట, లెక్కించుట. తీర్పు చాటినపిమ్మట జూరీలు తమ తమ వంతున ఆనాటి కూలిడబ్బులు పుచ్చుకొనుటతో ఆ గ్రంథము ముగియుచున్నది.